ఆఫీసు తీసేసి అందరం ఇళ్ల నుంచే చేస్తే వెబ్ సర్వీసుల వ్యాపారం నిలుస్తుందా? (తిరుపతి)

బైరాగిపట్టెడ:
ఎయిర్ బైపాస్ రోడ్డులో మాకొక చిన్న ఆఫీసుంది. లాడ్జీలకు, ట్రావెల్స్ వాళ్లకు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు వెబ్‌సైట్లు చేసిస్తాం. తర్వాత హోస్టింగు, మెయింటెనెన్సు కూడా మేమే చూసుకుంటాం. అద్దె అగ్రిమెంటు అయిపోవచ్చింది, ఓనరు బాగా పెంచి అడుగుతున్నాడు. టీములో ఒకరు బెంగళూరులో, ఒకరు మదనపల్లెలో ఉన్నారు. మిగతావాళ్లు ఆఫీసుకొచ్చి చేసేది కూడా ఆ ఇద్దరితో ఆన్‌లైన్లో మాట్లాడటమే. అందుకే ఆఫీసు వదిలేద్దామంటున్నా. అద్దె, కరెంటు, ఇన్వర్టర్ బ్యాటరీల కింద పోయే డబ్బు జీతాల్లో పెడితే, బెంగళూరు బస్సెక్కే మంచి పనివాళ్లను ఇక్కడే నిలుపుకోవచ్చు. నా పార్ట్‌నర్ ఒప్పుకోవడం లేదు. "నాలుగు కుర్చీలు, ఒక బోర్డు లేకపోతే ఈ ఊళ్లో మనల్ని కంపెనీ అని ఎవరు నమ్ముతారు?" అంటాడు. చేసి చూసినవాళ్లు చెప్పండి.

రేణిగుంట జంక్షన్:
తమ్ముడూ, మీ పార్ట్‌నర్ చెప్పిన కారణం తప్పు, నిర్ణయం మాత్రం కరెక్టు. బోర్డు చూసి ఈ రోజుల్లో ఎవరూ పని ఇవ్వరు. ఆఫీసు కావలసింది కొత్తగా చేరే పిల్లలకి. జోహో అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చెన్నైతో ఆగకుండా తెన్‌కాశిలో, మన రేణిగుంటలో కూడా ఆఫీసులు పెట్టింది. పిల్లలు ఊరు విడిచి పోనక్కర్లేకుండా చేసింది, కానీ కూర్చుని నేర్చుకోవడానికి ఒక చోటు ఇచ్చింది.

మా దగ్గర జరిగింది చెప్తా. ఒక లాడ్జి సైటును కొత్త సర్వరుకు మార్చాలి. ఇంటి నుంచి చేస్తున్న ఫ్రెషర్‌కు సీనియరు "A రికార్డు మార్చు" అని మెసేజ్ పెట్టాడు, అంటే సైటు ఏ సర్వరులో ఉందో చెప్పే ఒక్క లైను. ఆ పిల్లాడు నేమ్‌సర్వర్లే, అంటే అలాంటి రికార్డులన్నీ ఉండే చోటే మార్చేశాడు. కొత్త సైటు చక్కగా తెరుచుకుంది, పనైపోయిందని అందరూ అనుకున్నారు. మెయిళ్లు ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు పాత చోట ఉన్నాయి, కొత్త చోట లేవు, దాంతో లాడ్జికి రావలసిన మెయిళ్లన్నీ ఆగిపోయాయి. సాయంత్రం మేనేజరు ఫోన్ చేసి "పొద్దుట్నుంచీ ఒక్క బుకింగ్ మెయిలూ రాలేదేంటి" అనేదాకా ఎవరికీ తెలీదు. అదీ బ్రహ్మోత్సవాల ముందు. పక్క కుర్చీలో సీనియరుంటే ఆ స్క్రీన్ చూడగానే ఆపేసేవాడు.

పీలేరు అక్క:
అన్నా, సీనియరు పక్కన లేకపోవడం వల్ల ఆ తప్పు జరగలేదు. చాట్లో ఒక్క ముక్క పంపి పని అప్పజెప్పడం వల్ల జరిగింది. నేను పీలేరులో ఇంటి నుంచే పనిచేస్తాను, మా టీములో ఏ ఇద్దరమూ ఒక ఊళ్లో లేము. మా దగ్గర డీఎన్ఎస్ (ఈ రికార్డులన్నీ ఉండే వ్యవస్థ) ముట్టుకోవాలంటే ముందురోజే టీటీఎల్, అంటే పాత రికార్డును బయటి సర్వర్లు గుర్తుంచుకునే సమయం, 300 సెకన్లకు తగ్గించాలి. ఇప్పుడున్న రికార్డులన్నీ కాపీ చేసి టికెట్లో (ఆ పని వివరాలు రాసుకునే పేజీలో) అతికించాలి. ఏ లైను మారుతుందో, పాతదీ కొత్తదీ రెండూ రాయాలి. ఇంకొకరు చదివి సరేనన్నాకే చెయ్యి పెట్టాలి. మార్చాక సైటు తెరిచి చూస్తే సరిపోదు, బయటి నుంచి ఒక మెయిలు పంపి చేరిందా లేదా చూడాలి. సీనియరు సెలవులో ఉన్నా ఇది నడుస్తుంది. పక్క కుర్చీనే నమ్ముకుంటే ఆయన టీకి లేచిన పది నిమిషాల్లో ఏం గతి?

వెబ్‌సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ నడిపే ఆటోమాటిక్ కంపెనీ 2005లో మొదలైంది. అందులో పనిచేసేవాళ్లు తలో దేశంలో ఉంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసుకు వచ్చేవాళ్లు లేక 2017లో దాన్ని మూసేశారు. మనం రోజూ వాడే సాఫ్ట్‌వేరే అలాంటి టీముల చేతుల్లో నడుస్తోంది.

ఇంకో సంగతి, నాకు దీని మీద పట్టుదల ఎక్కువే. పసిబిడ్డతో ఉన్న ఆడపిల్లను రోజూ పీలేరు నుంచి తిరుపతికి రమ్మంటే ఉద్యోగం మానేస్తుంది. పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివి, పని బాగా వచ్చి, ఇళ్లల్లో ఉండిపోయినవాళ్లు నాకు తెలుసు. మహిళలకు వర్క్ ఫ్రమ్ హోమ్ అవకాశాలు పెంచుతామని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు చెప్పారు. మీలాంటి చిన్న కంపెనీ ఆఫీసు వదిలిన మర్నాడే ఆ పని మొదలుపెట్టగలదు.

కట్టమంచి:
మీరిద్దురూ కుర్చీ గురించే కొట్లాడతా ఉండారు. నేను కస్టమర్ వైపు నుంచి చెప్తా. చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో ఆఫీసు పని చూస్తా. మా సైటు ఇంతకుముందు చేసినాయన ఇంట్లోనుంచే చేసేవాడు. డొమైను, అంటే మా సైటు అడ్రసు, ఆయన పేరు మీదే తీసినాడు, రెన్యువల్ మెయిళ్లూ ఆయనకే పొయ్యేవి. డబ్బుల కాడ మాటామాటా వచ్చి ఫోనెత్తడం మానేసినాడు. సీజన్లో బయటి దేశం బయ్యర్లు మా మెయిలుకు రాస్తా ఉంటే డొమైను ఎక్స్‌పైర్ అయి ఉండాది. ఆఫీసని ఒకటుంటే పోయి అడిగుందుము. ఆయన ఇల్లు యాడో కూడా మాకు తెలీదు.

అప్పుడు లాయరు చెప్తే తెలిసింది ఇంకోటి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, జీతానికుండే ఉద్యోగి డ్యూటీలో చేసిన పని మీద హక్కు కంపెనీది. బయటాయన దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ రాయించుకుంటే మాత్రం, ఆయన సంతకం పెట్టి రాసియ్యకపోతే హక్కు ఆయనదే. రాసిచ్చినా ఎన్నేండ్లకని లేకపోతే ఐదేండ్లే, ఏ దేశాలకని లేకపోతే ఇండియా వరకే. మా బయ్యర్లంతా బయటే. అందుకే అడగతా ఉండా: మీరు ఇండ్లల్లో కూర్చోబెట్టబొయ్యేది ఉద్యోగుల్నా, ఫ్రీలాన్సర్లనా?

బైరాగిపట్టెడ:
అందరూ జీతానికున్నవాళ్లేనండీ, మానేటట్టయితే ఆరోజే యాక్సెస్ తీసేస్తాం. డొమైన్లు కస్టమర్ పేరు, కస్టమర్ మెయిలు మీదే ఉంటాయి. జీఎస్టీకి ఇంటి అడ్రసైనా చెల్లుతుందని మా ఆడిటరు చెప్పాడు, కరెంటు బిల్లు, ఇంటి ఓనరు ఒప్పుకోలు పెట్టాలంతే.

నన్ను ఇటువైపు మొగ్గేలా చేసింది 2021 నవంబరు వరదలు. తిరుపతి వీధుల్లో నీళ్లు పారుతుంటే ఆఫీసుకు చేరే దారి లేదు, కరెంటు లేదు. బెంగళూరులో ఉన్న మావాడే సర్వర్లన్నీ చూసుకున్నాడు. అందరం ఒకే గదిలో పనిచేసే కంపెనీ అయ్యుంటే ఆ రెండు రోజులూ ఫోనెత్తేవాళ్లే ఉండేవాళ్లు కాదు.

రేణిగుంట జంక్షన్:
అమ్మా, మీ డీఎన్ఎస్ పద్ధతి బావుంది, రేపే మా దగ్గర పెడతా. కానీ అది తెలిసిన పనికి పనికొస్తుంది. ఫ్రెషర్‌కు ఏం అడగాలో కూడా తెలీదు. చాట్లో అడిగితే అందరూ చూస్తారని మొహమాటపడి సాయంత్రం దాకా గూగుల్లో వెతుక్కుంటూ కూర్చుంటాడు. పక్కనుంటే మొహం చూసి పసిగట్టేస్తాం. ఆఫీసు లేని కంపెనీలు చివరికి అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. అప్పుడు ఎస్వీ యూనివర్సిటీ నుంచి బయటికొచ్చే పిల్లలకు ఈ ఊళ్లో మొదటి ఉద్యోగం ఎవరిస్తారు? తమ్ముడూ, మిగిలే అద్దె లెక్క వేసేటప్పుడు ఇది కూడా వేసుకోండి.

పీలేరు అక్క:
పిల్లలు అడగడానికి జంకుతారన్నది నిజమేనన్నా, నేనూ చూస్తున్నా. మేం రోజూ పొద్దున గంటసేపు స్క్రీన్ షేర్ పెట్టిస్తాం. ఒకరోజు పిల్లాడు చేస్తుంటే సీనియరు చూస్తాడు, మర్నాడు సీనియరు చేస్తుంటే పిల్లాడు చూస్తాడు. ఆ గంటలో సీనియరుకు వేరే పని చెప్పకూడదు. క్లయింటు అరిచినా సరే. ఆ గంట కేటాయించలేని ఓనరు ఆఫీసు పెట్టినా నేర్పించడు, ఫ్రెషర్‌ను ఒక మూల కూర్చోబెట్టి కాపీ పేస్టులు చేయిస్తాడు.

కట్టమంచి:
మీలో ఎవురు యాడ కూర్చున్నా మాకు అక్కర్లేదు సామీ. రాత్రి సైటు పడిపోతే ఫోనెత్తే మనిషి పేరు, ఆయనెత్తకపోతే రెండో మనిషి పేరు, ఎంతసేపట్లో పలకతారో అగ్రిమెంటులో రాసుండల్ల. బైరాగిపట్టెడ గారూ, మీ కాడ అట్లాంటి కాగితం ఉంటే నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చదివి చెప్తా.