అప్‌డేట్: ఎత్తు ఎక్కేటప్పుడు కారు లాగకపోవడానికి కారణం తెలిసింది

హార్స్‌పవర్ సరిపడా ఉన్న డీజిల్ కారు తక్కువ ఆర్‌పీఎమ్‌లో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎత్తు ఎక్కేటప్పుడు ఎందుకు లాగడం లేదని ఇదివరకు అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో గొట్టాలను మెకానిక్‌కు చూపించమన్న సలహాయే పనిచేసింది. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం అడుగు వైపు, క్లిప్పు పక్కనే, సన్నగా చీలి ఉందని మెకానిక్ చూపించారు. చుట్టూ నూనె జిడ్డు పేరుకుంది. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు మూసుకుని ఉండే ఆ చీలిక, లోడు పడగానే తెరుచుకుంటోంది. తక్కువ ఆర్‌పీఎమ్‌లో టర్బో పంపే గాలే తక్కువ కాబట్టి ఆ కాస్త లీకుకే టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) బాగా పడిపోయింది; ఆర్‌పీఎమ్ పెరిగాక టర్బో ఆ లోటును చాలావరకు పూడ్చుకోవడంతో హైవే మీద తేడా తెలియలేదు.

టార్క్‌కూ హార్స్‌పవర్‌కూ తేడా ఏమిటన్న నా ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే దొరికింది. న్యూటన్ మీటర్లలోని టార్క్‌ను ఆర్‌పీఎమ్‌తో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి; వాటిని 0.746తో భాగిస్తే హార్స్‌పవర్. ఆ లెక్కన 1750 ఆర్‌పీఎమ్ వద్ద 200 న్యూటన్ మీటర్లంటే దాదాపు 49 హార్స్‌పవరే. 4000 వద్ద టార్క్ 160కి తగ్గినా హార్స్‌పవర్ 90 దాకా చేరుతుంది. బ్రోచర్లలో ఘనంగా వేసే అంకె ఆ పై కొసదే.

ఎయిర్ ఫిల్టర్, క్లచ్‌ల మీద వచ్చిన అనుమానాలకు ఈ సమస్యతో సంబంధం లేదని తేలింది. గొట్టం మార్చాక, రెండో గేరుకు దించాల్సి వచ్చిన ఎత్తును మూడో గేరులోనే ఎక్కుతోంది.