హైదరాబాద్ నుంచి జైనూరు వైపు వెళ్లడం ఎలా?

నాకు జైనూరు మండలంలో ఒక గూడెంలోని ప్రైమరీ స్కూల్లో టీచర్ ఉద్యోగం వచ్చింది. సోమవారం జాయిన్ కావాలి. ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వైపు ఎప్పుడూ వెళ్లలేదు.

సికింద్రాబాద్ నుంచి రైల్లో వెళ్లి ఆసిఫాబాద్ రోడ్‌లో దిగి, కెరమెరి ఘాట్ మీదుగా వెళ్లాలని ఒకరంటున్నారు. తీరా చూస్తే ఆ స్టేషన్ ఉన్నది రెబ్బెనలో, ఆసిఫాబాద్ టౌన్‌కి చాలా దూరం! జేబీఎస్‌లో రాత్రి బస్సెక్కి ఉట్నూరులో దిగితే నయమని ఇంకొకరు. ఒంటరి ఆడపిల్లకి, రెండు బ్యాగులతో, ఏది మేలు? తెల్లవారుజామున దిగితే జైనూరుకు వెంటనే బస్సు దొరుకుతుందా, లేక ఆటోలేనా?

గూడెంలో సిగ్నల్ సంగతి ఎలా ఉంటుంది? అద్దె గది జైనూరులో చూసుకోవాలా, ఉట్నూరులోనా? అమ్మ అప్పుడే బియ్యం, పచ్చళ్లు మూట కట్టేస్తోంది, అది వేరే టెన్షన్.

అసలు భయం ఇంకొకటుంది. ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో గోండీ మాట్లాడతారు, నాకేమో ఒక్క ముక్క రాదు. "రామ్ రామ్" అని పలకరిస్తారని మాత్రం విన్నాను. అక్కడ పనిచేసిన టీచర్లు ఎవరైనా ఉంటే, మొదటి వారం పిల్లలతో ఎలా నెట్టుకొచ్చారో కాస్త చెప్పండి, ప్లీజ్.