థాయిలో "నేను" అనడానికి ఇన్ని మాటలా? బ్యాంకాక్ కాల్స్‌లో ఏది వాడాలి?

మాదాపూర్_మైక్: హైటెక్ సిటీ నుంచి రోజూ బ్యాంకాక్ టీమ్‌తో కాల్స్. పలకరింపులైనా థాయిలో చెప్దామని. యాప్‌లో "నేను" అంటే మగవాళ్లకి ఫొమ్, ఆడవాళ్లకి డిచన్ అని ఉంది. కానీ అక్కడ ఒకామె "నేను" బదులు తన పేరే చెప్తుంది, ఇంకో అమ్మాయి "నూ" అంటుంది, మేనేజర్ "ఫీ" అంటాడు. ఏది కరెక్టు? అందర్నీ "ఖున్" (మన "మీరు", "గారు" లాంటిది) అంటే సరిపోతుందా?

ఐదు_స్వరాలు: అన్నీ కరెక్టే. మనకి మర్యాద క్రియ చివర ఉంటుంది: వచ్చాడు, వచ్చారు. థాయిలో రాజకుటుంబం వాళ్లు తప్ప ఎవరొచ్చినా క్రియ "మా"నే, మారదు. ఆ బరువంతా "నేను", "నువ్వు" మీదా, వాక్యం చివరి ఖ్రప్ (మగ), ఖా (ఆడ) మీదా పడుతుంది. ఎదుటిమనిషి పెద్దా చిన్నా అన్నది తేల్చుకోకుండా "నేను" అనడం కష్టం.

డిచన్ వార్తలు చదివేవాళ్ల, సభల భాష. ఆఫీసులో బిగుసుకుపోయినట్టుంటుంది. "నూ" అంటే ఎలుక. పిల్లలు, పెద్దల ముందు అమ్మాయిలు తమని తాము అనుకునే మాట. ఫీ అంటే అన్నా, అక్కా రెండూ. నోంగ్ అంటే తమ్ముడు, చెల్లి. మేనేజర్ తనని ఫీ అనుకోవడం "అన్న ఉన్నాడు కదరా, చూసుకుంటాడు" అన్న టైపు.

మీకు: మగవాళ్లైతే ఫొమ్, చివర ఖ్రప్. పిలవడానికి ఖున్, పక్కన సొంత పేరు. ఇంటిపేరు తగిలించొద్దు. అవి 1913 చట్టంతో వచ్చినవి, ప్రధానమంత్రిని కూడా సొంత పేరుతోనే అంటారు. మెయిల్‌లో బారెడు పేరు, కాల్‌లో లెక్ (చిన్న), నోక్ (పిట్ట) అని ముద్దుపేరు వినిపిస్తే ఇద్దరు మనుషులనుకోకండి. ఖున్ లెక్ అనేయొచ్చు.

ఒత్తు_ప: ఫీ దగ్గర జాగ్రత్త. ఫీజులో "ఫ" కాదు, ఒత్తు ప. స్వరం పైనుంచి కిందికి జారాలి. కిందనుంచి పైకి లాగితే దెయ్యం! మనం "అన్నా?" అని చివర్లో ఎత్తుతాం చూడండి, సరిగ్గా అక్కడే దెబ్బతింటాం. ఖా కూడా అంతే: చెప్పేటప్పుడు జారుతుంది, అడిగేటప్పుడు పైన ఉంటుంది. చాట్‌లో ఈ రెండింటినీ థాయిలే తారుమారు చేసి తిట్లు తింటుంటారు. ఖ్రప్‌లో "ర" మాటల్లో ఎగిరిపోతుంది, "ఖప్" అనే వినిపిస్తుంది.

బొల్లారం_బాబాయ్: కుర్రాళ్లు కూ (నేను), ముంగ్ (నువ్వు) అనుకుంటరు, అవి మాత్రం ఎత్తుకోకుండ్రి. 1292 నాటిదని చెప్పే సుఖోథాయి శాసనంల రాజే తనను "కూ" అనుకుంటడు. ఇప్పుడది దోస్తుల మధ్యనే. మన "అరేయ్" లెక్క, చనువు లేని చోట కొట్లాటే. 1942ల ప్రధాని ఫిబూన్ సర్కారు అందరికీ "చన్" (నేను), "థాన్" (మీరు) రెండే చాలన్నది. 1944ల సర్కారు పడ్డది, జనం మళ్ల పాత మాటలకే పోయిన్రు.

ఇంకోటి, ఈసాన్, అంటే థాయిలాండ్ ఈశాన్య ప్రాంతం. మన "ఈశాన్య"మే ఆ పేరు. వాళ్ల మాట లావోకి దగ్గర: "లేదు"కి "మై" కాదు, "బో". సీరియళ్లల్ల పనిమనుషులకు, కామెడీకి ఆ యాస పెట్టిన్రు. తెలంగాణ యాసకు మన సినిమాలల్ల ఏం జరిగిందో యాదికి తెచ్చుకోండ్రి. ఇప్పుడు ఈసానోళ్ల "సేప్" (రుచి) బ్యాంకాక్ హోటల్ బోర్డులెక్కింది. అయినా మీరు వాళ్ల ముందర "బో" అంటే ఎక్కిరించినట్టే.

మాదాపూర్_మైక్: థ్యాంక్స్ బాబాయ్. పెద్దో చిన్నో తెలియకపోతే?

ఐదు_స్వరాలు: ఖున్ దగ్గరే ఉండండి. కొన్నాళ్లకి వాళ్లే మీ వయసు అడుగుతారు. అది కూపీ లాగడం కాదు, ఫీనా నోంగా అని తేల్చుకోవడం. పుట్టిన సంవత్సరం చెప్పేయండి. మీరు పెద్దైనా సరే, ముందుగా నోంగ్ అని మాత్రం పిలవకండి.