పాత డిజిటల్ వరల్డ్ టైమ్ వాచీ: సెల్ మార్చాక మొదలైన తిప్పలు

శ్రీకర్_డిజి (ప్రశ్న)

1980ల చివరి నాటి డిజిటల్ వరల్డ్ టైమ్ వాచీ, అంటే వేరే దేశాల ఊళ్ళ టైమ్ కూడా చూపించే రకం. ఎల్‌సీడీ, నాలుగు బటన్లు, వెనక మూతకి నాలుగు స్క్రూలు. కొత్త సెల్ వేశాక పరిస్థితి ఇదీ:

- ముందు స్క్రీన్ మీద పిచ్చి గీతలు వచ్చి బిగుసుకుపోయింది. సెల్ తీసి మళ్ళీ పెడితే నడిచింది.
- నిమిషాల మొదటి అంకెలో కుడివైపు గీతలు రెండూ రావట్లేదు.
- లైటు నొక్కితే అంకెలన్నీ పాలిపోతున్నాయి.
- అలారం టైముకి గుర్తు మెరుస్తోంది, శబ్దం మాత్రం లేదు.
- మిగతా ఊళ్ళన్నీ సరిగానే ఉన్నాయి, ఇస్తాంబుల్ ఒక్కటే గంట వెనక ఉంది.
- సంవత్సరం 2019 దాటట్లేదు. దాంతో వారం తప్పు చూపిస్తోంది.

సెల్ మీద ఎల్ఆర్927 అని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

క్వార్ట్జ్‌మామ

సెల్‌తోనే మొదలుపెట్టండి. ఎల్ఆర్ అంటే ఆల్కలైన్. సైజు అదే కాబట్టి పడుతుంది గానీ, 1.5 వోల్టుల దగ్గర మొదలై వాడేకొద్దీ దిగిపోతూనే ఉంటుంది. సిల్వర్ ఆక్సైడ్ సెల్, అంటే ఎస్ఆర్ రకం, దాదాపు అయిపోయేదాకా 1.55 దగ్గరే నిలబడుతుంది. ఎల్‌సీడీకి కావలసింది మైక్రోఆంపుల్లోనే. లైటు బల్బు మాత్రం ఒక్కసారిగా మిల్లీఆంపులు లాగుతుంది, అప్పుడు ఆల్కలైన్ సెల్ వోల్టేజీ కుంగి అంకెలు పాలిపోతాయి. ఎస్ఆర్‌లోనూ రెండు రకాలున్నాయి: ఎస్ఆర్927ఎస్‌డబ్ల్యూ (395) తక్కువ లోడుకి, ఎస్ఆర్927డబ్ల్యూ (399) లైటు, అలారం ఉన్నవాటికి. మీరు 399 తీసుకోండి.

సెల్ వేసి ఊరుకుంటే చాలదు, చిప్‌ని రీసెట్ చేయాలి. సెల్ పట్టీ పక్కనో దాని మీదో 'ఏసీ' (ఆల్ క్లియర్, అన్నీ చెరిపేయడం) అని అక్షరాలుంటాయి, దగ్గర్లో ఒక చిన్న లోహపు చుక్క ఉంటుంది. లోహపు ట్వీజర్స్ ఒక మొన ఆ చుక్కకి, రెండోది సెల్ పాజిటివ్ వైపుకి ఆనించి 2 సెకన్లు ఉంచండి. స్క్రీన్ ఒక్కసారి ఖాళీ అయ్యో, నిండుగా వెలిగో మొదటి స్థితికి వస్తుంది. పిచ్చి గీతలు రావడానికి కారణం ఈ పని చేయకపోవడమే. సెట్ చేసుకున్నవన్నీ చెరిగిపోతాయి, అది మామూలే.

ప్లాస్టిక్ ట్వీజర్స్‌తో సెల్ పెట్టండి. లోహంతో రెండు ముఖాలూ ఒకేసారి పట్టుకుంటే సెల్ షార్ట్ అవుతుంది. గూటిలో తెల్లటి, ఆకుపచ్చటి పొడి కనబడితే పాత సెల్ కారినట్టు. అది క్షారం, కాబట్టి దూదిపుల్లకి కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడవండి. వెనిగర్‌ని అలాగే వదిలేస్తే రాగి గీతల్ని తినేస్తుంది.

జీబ్రాపట్టీ

గీతలు రాకపోవడం సెల్ గొడవ కాదు. స్క్రీన్ గాజుకీ సర్క్యూట్ బోర్డుకీ మధ్య ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. దానిలో కరెంటు పారే పొర, పారని పొర ఒకదాని పక్కన ఒకటి సన్నగా పేర్చి ఉంటాయి, అందుకే జీబ్రా పట్టీ అంటారు. అతికించి ఉండదు, ఒత్తిడి మీదే ఆనుకుని ఉంటుంది. ఈ స్క్రీన్లలో ఒక్కో కాంటాక్టు ఒకటికి మించి గీతల్ని నడుపుతుంది కాబట్టి, ఒక్కచోట దుమ్ము పడినా రెండు గీతలు కలిసి పోతాయి.

మాడ్యూల్ (స్క్రీన్, బోర్డు కలిసి ఉన్న లోపలి భాగం) బయటికి తీసి గాజు అంచుని వేలితో మెల్లగా నొక్కి చూడండి. గీతలు వస్తే కాంటాక్టు సమస్యే. మాడ్యూల్ విప్పి, గాజు అంచునీ బోర్డు మీది బంగారు రంగు ప్యాడ్లనీ 99 శాతం ఐసోప్రొపైల్‌తో, పోగులు రాలని గుడ్డతో తుడవండి. పట్టీని పొడవునా లాగకండి, సాగితే లైన్లు తప్పుతాయి. వేళ్ళతోనూ ముట్టుకోవద్దు, చేతి జిడ్డు చాలు మళ్ళీ మొదటికి రావడానికి. ఏ వైపు ఎలా ఉందో ముందే ఫొటో తీసుకుని అలాగే పెట్టండి.

గాజు అంచు నుంచి నల్లటి మరక పాకుతుంటే మాత్రం స్క్రీన్ లోపలి ద్రవం కారిందని అర్థం. దానికి మందు లేదు, వేరే స్క్రీన్ వెతుక్కోవాల్సిందే. స్క్రీన్ గోధుమ రంగుకి తిరిగితే గాజు మీద అతికించిన పోలరైజర్ ఫిల్మ్ (అంకెలు కనబడేలా చేసే పల్చటి పొర) చెడింది. అది మార్చుకోవచ్చు.

ఇక అలారం. శబ్దం చేసేది వెనక మూత లోపల అతికించిన పీజో బిళ్ళ, అంటే కరెంటు తగిలితే కంపించే పల్చటి బిళ్ళ. మాడ్యూల్ నుంచి దానికి కరెంటు వెళ్ళేది వెంట్రుకంత తీగతో చుట్టిన బుల్లి స్ప్రింగు ద్వారా. మూత తీయగానే అది ఎగిరిపోతుంది, చాలామందికి పోయిందని కూడా తెలీదు. స్ప్రింగు ఉందా, మాడ్యూల్ మీంచి కొంచెం పైకి లేచి ఉందా, మధ్యలోని ప్లాస్టిక్ పొర చిల్లు సరిగ్గా దాని మీదికి వచ్చిందా చూడండి. నాలుగు స్క్రూల మూత తిరగేసి, అంటే పై వైపు కిందికి వచ్చేలా, కూడా పడుతుంది. అలా పడితే స్ప్రింగు బిళ్ళకి తగలదు.

మూసేముందు రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. రింగు మార్చినా సరే, ఇంత పాత వాచీని నీళ్ళలోకి దించడం నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు.

టైమ్‌జోన్_రావు

ఇస్తాంబుల్ విషయంలో వాచీ తప్పేమీ లేదు. ఊళ్ళ తేడాలు చిప్‌లో శాశ్వతంగా రాసేసినవి. అన్ని ఊళ్ళూ ఒకే మొత్తంలో తప్పితే మీ సొంత ఊరి కోడ్ గానీ టైమ్ గానీ తప్పు పెట్టినట్టు. ఒక్క ఊరే తప్పితే ఆ దేశం టైమ్ మార్చుకున్నట్టు. టర్కీ 2016 నుంచి ఏడాది పొడవునా యూటీసీ+3లోనే (ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీ కన్నా 3 గంటలు ముందు) ఉంటోంది, మీ వాచీకి తెలిసింది +2. మీ మోడల్‌లో ఊరి వారీగా డీఎస్‌టీ (వేసవి కోసం టైమ్‌ని గంట ముందుకి జరిపే సెట్టింగు) పెట్టే వీలుంటే ఇస్తాంబుల్‌కి శాశ్వతంగా ఆన్ చేసి వదిలేయండి. డీఎస్‌టీ ఒకేసారి అన్ని ఊళ్ళకీ పడే రకమైతే +3 ఉన్న మరో ఊరు, మాస్కో లాంటిది, చూసుకోండి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. సింగపూర్ 1982 జనవరి 1న +7:30 నుంచి +8కి మారింది, అంతకు ముందు తయారైన వాచీల్లో అరగంట తేడా రావచ్చు. నేపాల్ 1986లో +5:30 వదిలి +5:45కి వెళ్ళింది. వెనెజులా రాజధాని కరకస్ సంగతి తమాషాగా ఉంటుంది: 2007లో -4 నుంచి -4:30కి వెళ్ళి, 2016లో మళ్ళీ -4కే వచ్చింది. అంటే 1980ల వాచీ ఇప్పుడు సరిగ్గానే చూపిస్తుంది, 2010 నాటిది తప్పుతుంది.

ఇక 2019 దాటని గొడవకి, అసలు సంవత్సరంలోంచి 28 తీసేసి పెట్టండి. వారాలూ లీప్ సంవత్సరాలూ 28 ఏళ్ళకోసారి అచ్చంగా తిరిగొస్తాయి. 2026కి 1998 పెడితే ఫిబ్రవరితో సహా అన్నీ కలుస్తాయి. ఈ లెక్కన 2047 దాకా బండి నడుస్తుంది.

శ్రీకర్_డిజి

399 వేసి ఏసీ చేశాక స్క్రీన్ సరైంది, లైటుకి పాలిపోవట్లేదు. అలారం కూడా మోగుతోంది, ఇన్నాళ్ళూ మూత తిరగేసి ఉంది. గీతలకి మాడ్యూల్ విప్పాలి. ఇంకొక్క మాట: రోజుకి సుమారు ఒక సెకను ముందుకి పోతోంది. లోపల ఇత్తడి రంగులో గాటున్న చిన్న స్క్రూ ఉంది, తిప్పొచ్చా?

క్వార్ట్జ్‌మామ

అది ట్రిమ్మర్ కెపాసిటర్, అంటే వాచీ వేగాన్ని కొద్దిగా సరిచేసే భాగం, తిప్పొచ్చు. రోజుకి సెకను అంటే 11.6 పీపీఎమ్ (పది లక్షల్లో 11.6 వంతులు), సాధారణంగా దాని పరిధిలోనే ఉంటుంది. ముందు పది రోజులు మామూలుగా పెట్టుకుని, ఇంటర్నెట్ టైముతో పోల్చి సగటు తీయండి. 32,768 హెర్ట్జ్ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా వేగంగా కొట్టుకుంటుంది, వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. 5 డిగ్రీల్లో పడి ఉంటే రోజుకి సెకను పైనే వెనకబడుతుంది. అందుకని డ్రాయర్‌లో పెట్టి కొలిచిన లెక్క చేతికున్నప్పుడు పనికిరాదు.

గాటు ఇప్పుడెటు ఉందో సన్న పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ప్లాస్టిక్ లేదా సిరామిక్ మొన ఉన్న స్క్రూడ్రైవర్‌తో ఒకసారికి 5 నుంచి 10 డిగ్రీలు, అంతే. ఎటు తిప్పితే తగ్గుతుందో ముందే చెప్పలేం: సగం చుట్టులో దాని కెపాసిటెన్స్ పెరుగుతుంది, మిగతా సగంలో తగ్గుతుంది. పెరిగితే వాచీ నెమ్మదిస్తుంది. తిప్పిన ప్రతిసారీ మూత పెట్టి కనీసం మూడు రోజులు చూశాకే మళ్ళీ ముట్టుకోండి.