నిశ్చరమా, నిశ్చలమా? ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను

అరండల్‌పేట, గుంటూరు:
ఎమ్మెస్సీ రోజుల్లో మా గురువుగారు పాఠం ముగిస్తూ చెప్పిన వాక్యం ఒకటి వారం రోజులుగా వేధిస్తోంది. "రేఖల మీద నిర్వచించిన ప్రతి ప్రమేయమూ సమాకలనం వల్ల పుట్టినది కాదు, నిశ్చ... అవకలన ఆపరేటర్ దానిని సున్న చేస్తేనే పుట్టుక నిజం." మారనిది (ఇన్వేరియంట్) అనే అర్థంలో ఆ ఖాళీలో ఆయన పలికినది 'ర'యా, 'ల'యా?

సత్యనారాయణపురం, విజయవాడ:
'ర'యే, సందేహం లేదు. చరరాశి అన్నవాళ్లం నిశ్చరమే అనాలి. ఇక వాక్యంలోని సంగతి, అంటే అంతరాళంలోని ప్రమేయాన్ని ఒక్కో రేఖ వెంట సమాకలనం చేస్తే ఏ ప్రమేయాలు పుడతాయన్నది, 1938లో గణితజ్ఞుడు ఫ్రిట్జ్ జాన్ చూపినదే. త్రిమితీయ అంతరాళంలో బిందువుకు మూడు నిరూపకాలు చాలు, రేఖకు నాలుగు కావాలి. కాబట్టి రేఖల మీది ప్రమేయానికి ఒక షరతు అదనంగా పడుతుంది. తలాలకు మూడే చాలు గనుక, తలాల మీద సమాకలనం చేసే 1917 నాటి రాడాన్ పరివర్తనకు ఇటువంటి అవకలన షరతు అక్కరలేదు.

బ్రాడీపేట, గుంటూరు:
గణితం సరే, గీత మరిచారు. ఆరో అధ్యాయంలో "యతో యతో నిశ్చరతి మనశ్చంచలమస్థిరమ్" అన్నప్పుడు నిశ్చరతి అంటే బయటికి పరుగెత్తడం. అదే గీత రెండో అధ్యాయంలో కదలని బుద్ధిని "నిశ్చలా" అంది. మారనిదానికి నిశ్చరమని పేరు పెట్టడం, ఇల్లు కదలనివాడిని దేశదిమ్మరి అనడం వంటిది.

పటమట, విజయవాడ:
అయ్యా, రెండూ అతకవు. ఆ ఆపరేటర్ నిశ్చలంగా కూర్చోదు, ప్రమేయాన్ని మార్చడమే దాని పని. రేఖలన్నింటినీ ముందు తిప్పి తరువాత దానిని ప్రయోగించినా, ముందు ప్రయోగించి తరువాత తిప్పినా ఫలితం ఒకటే అన్నంతవరకే ఇక్కడ 'మారనిది' అనే మాటకు అర్థం. పైగా ఈ ఆపరేటర్ స్థానాంతరణ సదిశకూ భ్రమణ సదిశకూ బిందులబ్ధం (డాట్ ప్రొడక్ట్) వంటిది. అద్దంలో చూస్తే దాని గుర్తు మారిపోతుంది. భ్రమణాలకు మారనిది, ప్రతిబింబానికి మారేది. దీనిని నిశ్చలమని ఏ నోటితో అంటాం? 'అవికారి' అనడం మేలని నా పాత వాదన.

కొత్తపేట, గుంటూరు:
రేఖలు, తలాల వంటి ఉపాంతరాళాలన్నీ కలిసి ఏర్పడే అంతరాళానికి ఎవరి పేరు పెట్టారో ఆ హెర్మన్ గ్రాస్‌మన్ ఋగ్వేదానికి నిఘంటువు కట్టిన బడిపంతులు. పక్కపక్క అక్షరాల్లో రెండు మహాప్రాణాలు వస్తే మొదటిది అల్పప్రాణమవుతుందని 1863లో సూత్రీకరించినవాడూ ఆయనే. 'భూ' ధాతువును రెట్టించగా వచ్చిన 'బభూవ'లో మొదటి అక్షరం అందుకే 'బ'. మన పాణిని అభ్యాసాక్షరం (రెట్టింపులో ముందు వచ్చే అక్షరం) మేరకు దీనిని ఏనాడో "అభ్యాసే చర్చ" అని చెప్పాడు. ఆ 'చర్' ప్రత్యాహారం (అక్షరాల గుంపుకు పాణిని వాడే పొట్టిపేరు) చూశారా? చర్చకు మూలమే చర్! నా ఓటు 'ర'కే.

బ్రాడీపేట:
శ్లేష బాగుంది గాని ప్రత్యాహారం సాక్ష్యం కాదు.

సత్యనారాయణపురం:
రలయోరభేదః, ర-లలకు భేదం లేదు అన్నారు గనుక గురువుగారు ఏది పలికినా తప్పు కాదు. మహావీరాచార్యుల గణితాన్ని పద్యాలలో తెనిగించిన పావులూరి మల్లనకు ఈ మాట అప్పగించినా ఛందస్సు తీర్పు చెప్పదు: నిశ్చర, నిశ్చల రెండూ భగణాలే (గురువు, రెండు లఘువులు), ప్రాసస్థానంలో రెండింటికీ 'శ్చ'యే. ఎక్కాలను, భిన్నాలను కందాలలో ఇమిడ్చిన ఆ మహానుభావుడు గ్రాస్‌మన్ అంతరాళాన్ని ఏ గణాలలో ఒదిగించేవాడో ఊహించుకుంటేనే ఆకలి మరచిపోతాను.

పటమట:
ఒదగదు. 'ఉపాంతరాళ' అంటే జగణం (లఘువు, గురువు, లఘువు) మీద ఒక గురువు, ఒక లఘువు. జగణం కందంలో బేసి గణంగా రాకూడదు.

సత్యనారాయణపురం:
సరి గణంలో వేస్తాడు. మల్లనకు మనం నేర్పాలా?

అరండల్‌పేట:
పెద్దలందరికీ నమస్కారాలు. గురువుగారిది ఒంగోలు వైపు ఊరని ఇప్పుడు గుర్తుకొచ్చింది. ఆ ప్రాంతంలో మాట చివరి 'ల', 'ర' ఎలా వినిపిస్తాయో తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?