పిల్లల ముద్దుమాటలు: విన్నది విన్నట్టు రాసిపెట్టుకునుడెట్ల?

ఓరుగల్లు పంతులు:
రెండేండ్ల నుంచి ఐదేండ్ల దాక పిల్లల నోట్ల నుంచి వచ్చే మాటలు ఒక్కసారి పోయినయంటే మళ్ల రావు. ఆర్నెల్లల్ల "తోతి" పోయి "కోతి" వస్తది. ఎప్పుడు మారిందో ఇంట్ల ఒక్కరికి సుత యాదికుండదు. అందుకే ఈ చర్చ మొదలువెడుతున్న. ఏ మాట ఎందుకట్ల వస్తదో, ఎట్ల రాసిపెట్టాల్నో తెలిసినోళ్లు చెప్పుండ్రి.

రాసే పద్ధతి ముందుగాల చెప్త. రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం ఒకటి చాలు. మాటకు ఐదు సంగతులు రాయాలె. తారీఖు. వయసు, ఏండ్లు నెలలు రోజులతోని (భాషాశాస్త్రం చదివినోళ్లు 2;3.14 అని రాస్తరు, అంటే రెండేండ్ల మూడు నెలల పద్నాలుగు రోజులు). నోట్ల నుంచి వచ్చిన మాట వచ్చినట్టు. దాని అర్థం. ఆ మాటకు ముందు ఏం జరిగింది, పక్కన ఎవరున్నరు. ఈ ఆఖరిది వదిలిపెడితే మాటకు ప్రాణం ఉండదు. "చందమామ ఇరిగింది" అని ఒక్కటే రాస్తే పదేండ్లకు ఏం సమజ్‌ కాదు. "పున్నం పోయిన ఐదో రోజు, డాబా మీద, బువ్వ తినవెడుతుంటే" అని పక్కన ఉంటే ఆ రాత్రంత కండ్ల ముందటికి వస్తది.

ఇంకొకటి. పది నిమిషాలు దాటకముందే రాయాలె. దాటితే పెద్దోళ్ల బుర్ర ఆ మాటను సాఫు చేస్తది. పొద్దుగాల "నేనుకి ఇయ్యి" అన్నది మాపటికి రాసేసరికి "నాకు ఇయ్యి" అయితది. మార్చిన సంగతి రాసినోళ్లకు సుత తెల్వదు.

మాటల వైద్యం, హన్మకొండ:
పంతులు గారూ, "తోతి" గురించి చెబుతాను. క, గ పలకాలంటే నాలుక వెనక భాగం లేవాలి. ఆ పట్టు రాకముందు పిల్లలు నాలుక ముందు భాగంతో అయ్యే త, ద లతో సరిపెట్టుకుంటారు. అందుకే కాకి "తాతి", గాలి "దాలి". ప, బ, మ లు పెదవుల మీద కనిపించే శబ్దాలు కాబట్టి ముందే వస్తాయి. ర, ళ, ణ, శ లాంటివి బాగా ఆలస్యం. ర బదులు ల పలికినప్పుడు తెలుగులో వింత అర్థాలు పుడతాయి. "తాత కాలు ఎక్కుతా" అంటే తాత కారు ఎక్కుతానని. అక్షరాలు చోటు మార్చుకోవడం ఇంకో రకం: టమాట "మటాట" అవుతుంది, బిస్కెట్‌ "బిక్సెట్" అవుతుంది.

మీ పుస్తకంలో ఒక విషయం తప్పకుండా రాయండి. "తోతి" అనే పిల్లాడితో పరీక్షకని ఒక్కసారి మీరు కూడా "తోతి" అని చూడండి. "తోతి కాదు, తోతీ!" అని కోపం తెచ్చుకుంటాడు. తన నోరు పలకలేని తేడాను తన చెవి పట్టుకుంటుంది. బెర్కో, బ్రౌన్ అనే పరిశోధకులు 1960లో ఇంగ్లీషు పిల్లల్లో చేప పేరుతో దీన్నే చూపించారు. అందుకే మనం ముద్దుగా తిరిగి "తోతి" అనకూడదు. బిడ్డకు కావలసింది సరైన శబ్దం వినడం. "అవును, కోతి! కోతి చెట్టెక్కింది" అని మామూలు గొంతుతో, కాస్త నెమ్మదిగా అంటే చాలు. "క అను, క అను" అని నిలబెట్టి పలికించవద్దు. అలా చేస్తే కొందరు ఆ మాట వాడడమే మానేయొచ్చు.

వ్యాకరణం ఇష్టం, కరీంనగర్:
పైన పంతులు సారు రాసిన "నేనుకి" మీద జర ఎక్కువ రాస్త, నాకు అన్నిట్ల ఇష్టమైనవి గివే. "రాముకి, అక్కకి" అని వినుకుంట పిల్ల ఒక సూత్రం పట్టుకుంటది: పేరుకు "కి" తగిలియ్యాలె. ఆ సూత్రాన్ని "నేను"కు సుత తగిలిస్తది. సూత్రం కరెక్టే, మన భాషనే అక్కడ దారి మార్చింది. "ఇంట్ల" అనాల్సిన కాడ "ఇల్లుల" అంటరు, "నోట్లె"కు "నోరుల" అంటరు. పండ్లు "పండులు", ఇండ్లు "ఇల్లులు". అన్నిటికంటె గొప్పది "నేను వచ్చను". వచ్చిన, వచ్చిండు, వచ్చింది అన్నిట్ల "వచ్చ" ఉన్నది, మరి కాదంటె "వచ్చను" కావాలె గద! "రాను" అనే మాట ఆ పిల్లకు ఏ దిక్కు నుంచి దొరుకుతది? "తేను"కు "తెచ్చను" సుత గట్లనే.

గమనించాల్సింది ఏందంటే, అదే పిల్ల ముందు కొన్ని నెలలు "రాను" అని సక్కగనే అని ఉంటది. అది విని నేర్చుకున్న మాట. తర్వాత సూత్రం దొరికి "వచ్చను" అంటది, ఆ తర్వాత మళ్ల "రాను"కు వస్తది. నడుమ తప్పు వచ్చిందని ఇంట్లోళ్లు పరేషాన్ అయితరు. అది ఎనుకకు పోవుడు కాదు, ముందుకు పోవుడు. అందుకే తారీఖు ముఖ్యం: మూడు దశలు మూడు పేజీల్ల కనవడతయి.

ఇంట్ల చేసుకునే చిన్న పరీక్ష ఉన్నది. జీన్ బెర్కో 1958ల ఇంగ్లీషుల చేసిందాన్నే తెలుగుకు మార్చుకోవచ్చు. కాయిదం మీద ఎన్నడు చూడని జంతువు బొమ్మ ఒకటి గీసి "ఇది టూమి" అనుండ్రి. పక్కన ఇంకొకటి గీసి "ఇప్పుడు రెండున్నయి, ఏమున్నయి?" అని అడుగుండ్రి. "టూమిలు" అంటె "లు" తగిలియ్యాలని తెలిసింది. "టూములు" అంటె పిల్లి–పిల్లులు సూత్రం సుత తెలిసినట్టు. "జేడు" అనే పేరుతోని ఇంకో బొమ్మ గీయుండ్రి: జేడులా, జేళ్లా? ఎవ్వరు చెప్పని మాటకు జవాబు చెప్పిందంటె అది కంఠస్థం కాదు. ఒక్కరోజుల మూడు బొమ్మలు మించొద్దు, విసిగిపోతరు. మూడు నెలలకోసారి అవే బొమ్మలు చూపియ్యుండ్రి.

"మనం, మేము" సుత రాసిపెట్టుండ్రి. "మనం ఐస్‌క్రీం తిన్నం, నువ్వు లేవు" అంటరు. ఎదుటి మనిషిని కలుపుకునేదొకటి, వదిలేసేదొకటి అని రెండు మాటలున్న భాష మనది. అది తెలిసెతందుకు చానా రోజులు పడతది. "ఓ, మీరు తిన్నరా?" అని జవాబిస్తే చాలు, దిద్దినట్టు సుత అనిపియ్యది.

కాజీపేట సౌండ్:
రాతతోని గొంతు రాదు, రికార్డింగ్ కావాలె. ఫోన్ పిల్లకు ఒక అడుగు, అడుగున్నర దూరంల, మెత్తటి బట్ట మీద పెట్టాలె. స్టీలు పళ్లెం పక్కన పెడితే ప్రతి చప్పుడు మోగుతది. సీలింగ్ ఫ్యాన్, కూలర్, టీవీ బంద్. ఎండకాలం ఫ్యాన్ బంద్ చేయలేమంటె తెల్లారగట్ల లేవంగనే ఉండే పది నిమిషాలు మంచిగుంటయి, పిల్లలు అప్పుడు మస్తు మాట్లాడుతరు. ఫోన్ చేతుల పట్టుకొని "చెప్పు చెప్పు" అంటె ఒక్క ముక్క రాదు. ఆన్ చేసి మర్చిపోవాలె.

రికార్డింగ్ నాణ్యత 128 కేబీపీఎస్‌ల (సెకనుకు ఇన్ని కిలోబిట్లు అని) పెడితే నిమిషానికి సుమారు 1 ఎంబీ అయితది, గంట పెట్టినా 60 ఎంబీ లోపే. ఫైలు పేరు తారీఖుతోని మొదలువెట్టుండ్రి, సంవత్సరం ముందు: 2025-08-14, తర్వాత వయసు, తర్వాత ఒక మాట. అట్ల పెడితే ఫైళ్లు వాటంతటవే వరుసల ఉంటయి. వాట్సాప్‌ల వీడియోగ పంపితే నాణ్యత తగ్గుతది, డాక్యుమెంట్‌గ పంపాలె. ఫోన్‌ల ఒకటి, ఇంకో దిక్కు ఒకటి, రెండు కాపీలు లేకుంటె లేనట్టే లెక్క.

అంగన్‌వాడీ, ములుగు దిక్కు:
అందరు శబ్దాలు రాసిండ్రు, ప్రశ్నల సంగతి ఎవ్వరు రాయలే. మూడేండ్ల నుంచి "ఎందుకు" మొదలైతది. మన దిక్కు పండుగలల్ల వచ్చే ప్రశ్నలు వేరే ఏడ దొరకవు. మేడారం జాతరల బెల్లాన్ని బంగారం అంటం గద. నిలువెత్తు బంగారం తూకం వేసుడు చూసిన పిల్ల, తర్వాత అమ్మ మెడల గొలుసు పట్టుకొని "ఇది సుత తియ్యగుంటదా?" అని అడుగుతది. బతుకమ్మ తొమ్మిది రోజులల్ల ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆడరు. "ఎవరేమన్నరు? ఎందుకలిగింది? మనం పోయి బుదరకిద్దామా?" అంటరు. సద్దుల నాడు చెరువుల వేసినంక "బతుకమ్మకు ఈత వస్తదా?"

బొమ్మకు, బండికి, సూర్యునికి సుత ప్రాణం ఉన్నదనుకునుడు ఈ వయసుకు సహజం. పియాజే అనే స్విస్ శాస్త్రవేత్త రెండు నుంచి ఏడేండ్ల పిల్లల ఆలోచన గురించి రాసినదాంట్ల ఇది ముఖ్యమైన భాగం. జవాబు చెప్పే తీరు గిట్ల: ముందు "నీకేమనిపిస్తంది?" అని అడిగి, ఐదు అంకెలు లెక్కవెట్టేంత సేపు ఊకుండాలె. అసలు ముద్దుమాట అప్పుడే వస్తది. తర్వాత ఒక్క వాక్యంల నిజం చెప్పాలె. పెద్ద ఉపన్యాసం చెప్తే ఇంకో ప్రశ్న అడగరు.

"నిన్న పోదాం", "రేపు తిన్న" అని తారుమారు చేసుడు నాలుగైదేండ్ల దాక ఉంటది. నిద్రలు లెక్కవెట్టి చెప్పుండ్రి: "ఇంక మూడు నిద్రలైతే సద్దుల బతుకమ్మ". గోడ మీద మూడు గీతలు గీసి పొద్దుగాల లేవంగనే ఒకటి కొట్టేయమంటె తొందరగ పట్టుకుంటరు.

జనగామ బాపమ్మ:
బిడ్డలారా, ఒక్క మాట గట్టిగ చెప్తున్న. చుట్టాలు రాంగనే "ఆ మాట మళ్లొక్కసారి అను" అని నిలవెట్టకుండ్రి. పిల్ల కావాల్నని అన్నది కాదది, తనకు తెలిసిన సక్కటి మాటే అన్నది. పదిమంది నవ్వితే తనను చూసి నవ్విండ్రని అనుకుంటది. నవ్వు ఆగకపోతే "నీ మాట మస్తు నచ్చింది" అని చెప్పి నవ్వుండ్రి. బూతుమాట పట్టుకొస్తే మాత్రం నవ్వొద్దు, ఎగిరి కొట్టొద్దు. రెండిట్ల ఏది చేసినా ఆ మాటకు బలమొస్తది. "అది మనింట్ల అనం, కోపమొస్తే నాకు కోపమొచ్చింది అను" అని చెప్పి వేరే ముచ్చట పెట్టాలె.

మాటలు రావాలని వస కొమ్ము అరగదీసి నాకిచ్చుడు ఇప్పటికీ నడుస్తున్నది. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అంటం, నిజమే. కని డాక్టరును అడగకుంట పెట్టకుండ్రి.

మాటల వైద్యం, హన్మకొండ:
బాపమ్మా, చేతులెత్తి దండం. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. దాని వల్లే అమెరికాలో 1968లో ఆహార పదార్థాల్లో వస వాడకాన్ని నిషేధించారు. మాటలు రావడానికి మందు బువ్వ తినేటప్పుడు, లాల పోసేటప్పుడు మాట్లాడడమే.

ముద్దుమాటకూ డాక్టరుకు చూపించాల్సిన మాటకూ తేడా చాలామంది అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. ఏడాదిన్నరకు ఒక్క అర్థమున్న మాట కూడా లేకపోయినా, రెండేళ్లు నిండినా "అమ్మ రా", "పాలు కావాలె" లాంటి రెండు మాటల జత రాకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా ఆగవద్దు. కొత్తవాళ్లకు రెండేళ్ల బిడ్డ మాటలో సగం, మూడేళ్లకు ముప్పావు వంతు, నాలుగేళ్లకు దాదాపు అంతా అర్థం కావాలి. మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. చెవిలో మాట స్పష్టంగా పడకపోతే నోట్లోంచి స్పష్టంగా రాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే వైద్య బృందాలు ఇవి చూస్తాయి, అక్కడే అడగండి. "నా నా నాకు" అని మాట మొదట్లో తడబడడం రెండు నుంచి ఐదేళ్ల మధ్య చాలామందిలో వచ్చి పోతుంది. వాక్యం మీరు పూర్తిచేయకండి, ఓపికగా వినండి. ఆరు నెలలు దాటినా, మాటతో పాటు మొహం బిగుసుకుంటున్నా చూపించండి.

వ్యాకరణం ఇష్టం, కరీంనగర్:
ఒక చిన్న ముచ్చట. హ పలకరాని పిల్లలు "అన్మకొండ" అంటరు. దిద్దకుండ్రి. ఆ ఊరి పాత పేరు అనుమకొండే.

ఓరుగల్లు పంతులు:
అందరికి దండాలు. ఒకటి కలుపుత: పుస్తకం మొదటి పేజీల మీ ఇంట్ల పెద్దోళ్లు పిల్లలతోని వాడే మాటలు రాయుండ్రి. బువ్వ, లాల, జేజ, జో, బూచి, టాటా. ఇవి పిల్లలు పుట్టించినవి కావు, అమ్మమ్మలు బాపమ్మలు ఇచ్చినవి, ఊరు మారితే మారుతయి. ఏ మాట ఎవరి దిక్కు నుంచి వచ్చిందో పక్కన రాయుండ్రి. పుస్తకం ఫోటోలు బయట పెట్టేటప్పుడు పిల్ల పేరు, బడి పేరు, ఉచ్చ దొడ్డి ముచ్చట్లు తీసేయుండ్రి. పెద్దగైనంక చదువుకునేది ఆ పిల్లనే.