స్వయంలో స్టాటిస్టిక్స్ కోర్సు: చేత్తో చేస్తే 8.94, షీట్‌లో 10. ఏది కరెక్టు?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఇంటర్ ఎంపీసీ, ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాది. స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో ఎన్‌పీటెల్ (ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే కార్యక్రమం) వాళ్ల 12 వారాల స్టాటిస్టిక్స్ కోర్సులో చేరాను. 62, 70, 74, 81, 88 అని ఐదుగురి మార్కులిచ్చి స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కట్టమన్నారు. ఇంటర్లో నేర్చుకున్నట్టు చేస్తే 8.94 వచ్చింది, తప్పన్నారు. గూగుల్ షీట్స్‌లో వేస్తే 10 చూపిస్తోంది. ఇంకొకటి, టీ పట్టిక ఎప్పుడు చూడాలి, జెడ్ పట్టిక ఎప్పుడు చూడాలి? అసైన్‌మెంట్లలో ఇప్పటిదాకా 85 శాతం పైనే వస్తోంది కాబట్టి పాస్ గురించి బెంగ లేదనుకుంటున్నాను. సరేనా?

జవాబు 1: మీ లెక్కలో తప్పు లేదండీ, భాగించిన అంకె దగ్గరే తేడా. సగటు 75. తేడాలు −13, −5, −1, 6, 13. వాటి వర్గాలు 169, 25, 1, 36, 169, మొత్తం 400. ఇంటర్ 2ఏ పుస్తకంలో విస్తరణ కొలతల పాఠం ఈ 400ను ఎన్‌తో (n, మొత్తం ఎన్ని అంకెలున్నాయో ఆ సంఖ్యతో), అంటే 5తో భాగించమంటుంది. 80 వస్తుంది, దాని వర్గమూలం 8.94. కాలేజీ కోర్సులో ఆ ఐదుగురూ పెద్ద గుంపులోంచి తీసిన శాంపిల్. అందుకని ఒకటి తగ్గించి 4తో భాగిస్తారు. 100 వస్తుంది, వర్గమూలం 10. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు ఇంటర్ అలవాటు చేతిలో ఉండిపోతుంది కాబట్టి చాలామంది ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు.

ఒకటి ఎందుకు తగ్గించాలో బట్టీ పట్టకండి, మీ అంకెల్లోనే కనిపిస్తుంది. సగటు నుంచి తేడాలన్నీ కలిపితే సున్నా రావాలి. మొదటి నాలుగూ కలిపితే −13, కాబట్టి ఐదోది 13 కాక తప్పదు. స్వేచ్ఛగా మారగలిగేవి నాలుగే. మరో వైపు నుంచీ చూడండి. 75 అనేది ఆ ఐదుగురి సొంత సగటు. కాలేజీ మొత్తం సగటు 72 అనుకుని అవే తేడాలు మళ్లీ తీయండి: −10, −2, 2, 9, 16. వర్గాల మొత్తం 445. అసలు సగటు 75 కాకుండా ఏదైనా సరే, మొత్తం 400 కన్నా పెరుగుతుందే తప్ప తగ్గదు. అంటే శాంపిల్ తన సొంత సగటు నుంచి కొలుచుకుంటే చెదురు ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. చిన్న అంకెతో భాగించడం ఆ లోటు పూడ్చడానికే.

షీట్స్‌లోనూ ఎక్సెల్‌లోనూ రెండు ఫార్ములాలున్నాయి. ఎస్‌టీడీఈవీ.ఎస్ శాంపిల్‌కి, ఎస్‌టీడీఈవీ.పీ మొత్తం జనాభాకి, అంటే శాంపిల్ కాకుండా గుంపు అంతటికీ. చివర ఏమీ లేని ఎస్‌టీడీఈవీ కూడా శాంపిల్‌దే. ప్రశ్నలో "తరగతిలోని ఐదుగురు విద్యార్థులూ" అని ఉంటే 5తో, "యాదృచ్ఛికంగా తీసిన ఐదుగురు" అని ఉంటే 4తో భాగించండి.

జవాబు 2: మూడో ప్రశ్నకు: బెంగ ఉండాలండీ. 12 వారాల కోర్సులో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్ల సగటుకు 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకు 75. సర్టిఫికెట్ కావాలంటే 25కి కనీసం 10, 75కి కనీసం 30 రావాలి, రెండూ విడివిడిగా. మీకు అసైన్‌మెంట్లలో 22 వచ్చి పరీక్షలో 28 వస్తే మొత్తం 50 అవుతుంది, అయినా సర్టిఫికెట్ రాదు.

కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు. రెండోదానికి విడిగా ఫీజు కట్టాలి, గడువు కోర్సు నడుస్తుండగానే అయిపోతుంది. క్రెడిట్ల కోసమైతే మీ కాలేజీ స్వయం కోఆర్డినేటర్‌ని ఇప్పుడే కలిసి, మీ కోర్సు పేరు ఆమోదించిన జాబితాలో ఉందో లేదో కాగితం మీద చూసుకోండి. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేయవచ్చు. కానీ ఏ కోర్సుకు బదులు ఏది తీసుకోవాలో తేల్చేది మీ విద్యాసంస్థే.

అసైన్‌మెంట్ గడువులోపు ఎన్నిసార్లయినా సబ్మిట్ చేయవచ్చు, చివరిది లెక్కలోకి వస్తుంది. కాబట్టి చివరి రాత్రి దాకా ఆగకుండా ముందే ఒకటి పంపేసి తర్వాత దిద్దుకోండి.

జవాబు 3: టీ, జెడ్ సంగతి. జనాభా స్టాండర్డ్ డీవియేషన్ ప్రశ్నలోనే ఇస్తే జెడ్. శాంపిల్ నుంచి మీరే లెక్కకట్టుకుంటే టీ. "30 దాటితే జెడ్" అనేది పట్టికలు చిన్నవిగా ఉన్న రోజుల్లో సౌకర్యం కోసం పెట్టుకున్న అలవాటు. ఆన్‌లైన్ కోర్సులో దాన్ని నమ్ముకుంటే కొన్నిసార్లు జవాబు మారిపోతుంది.

మీ ఐదు అంకెలతోనే చూడండి. ముందు స్టాండర్డ్ ఎర్రర్, అంటే శాంపిల్ సగటు ఎంత అటూ ఇటూ ఊగవచ్చో చెప్పే కొలత. దానికి 10ని 5 వర్గమూలంతో భాగించాలి: 4.472. 95 శాతం ఇంటర్వెల్‌కి (అసలు సగటు ఎక్కడ ఉండవచ్చో అంచనా వేసే హద్దులకి) జెడ్ విలువ 1.96తో దాన్ని గుణించి 75కి అటూ ఇటూ వేస్తే 66.2 నుంచి 83.8. స్వేచ్ఛాంశాలు (పైన చెప్పిన, స్వేచ్ఛగా మారగలిగేవి) 4 కాబట్టి టీ పట్టికలో విలువ 2.776, అది వేస్తే 62.6 నుంచి 87.4. ఇప్పుడు "అసలు సగటు 65" అనే పరికల్పనను, అంటే ముందుగా పెట్టుకున్న ఊహను, పరీక్షించండి. 75కీ 65కీ తేడా 10. దాన్ని 4.472తో భాగిస్తే 2.236. ఇది 1.96 కన్నా ఎక్కువ, కాబట్టి జెడ్ వాడినవాళ్లు పరికల్పనను తిరస్కరిస్తారు. 2.776 కన్నా తక్కువ, కాబట్టి టీ వాడినవాళ్లు తిరస్కరించలేరు. అదే డేటా, తీర్పు తలకిందులు. గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గోసెట్ 1908లో "స్టూడెంట్" అనే కలం పేరుతో ఈ పద్ధతిని ప్రచురించింది ఇలాంటి చిన్న శాంపిల్స్ కోసమే.

ప్రశ్న: షీట్‌లో పీ విలువ 0.089 వచ్చిందండీ. అంటే సగటు 65 కావడానికి దాదాపు 9 శాతం అవకాశం ఉన్నట్టా?

జవాబు 3: కాదండీ. అసలు సగటు 65 అయితే, ఐదుగురి సగటు ఇంత దూరం లేదా ఇంకా దూరం, ఏ పక్కకైనా సరే, పడే అవకాశం 9 శాతం అన్నమాట. "అయితే" అనే మాట ఎటు పక్కన ఉందో చూసుకోవాలి. పరీక్షలో నాలుగు ఆప్షన్లిచ్చి దీన్నే తిప్పి అడుగుతారు.

జవాబు 1: ఆ "అయితే" తికమకే బేయస్ లెక్కల్లోనూ వస్తుంది. ఉదాహరణకు, టెస్టు పాజిటివ్ వస్తే నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత అన్న ప్రశ్న. ఫార్ములా గుర్తు రాకపోతే 10,000 మందిని ఊహించుకోండి. జబ్బు 1 శాతం మందికి: 100 మంది. జబ్బున్నవారిలో 90 శాతాన్ని టెస్టు పట్టుకుంటుంది: 90 మంది. ఆరోగ్యంగా ఉన్న 9,900లో 5 శాతానికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది: 495 మంది. మొత్తం పాజిటివ్‌లు 585. అందులో నిజంగా జబ్బున్నవాళ్లు 90, అంటే సుమారు 15.4 శాతం. 90 శాతం అని టిక్ పెట్టేవాళ్లు రెండు వేర్వేరు ప్రశ్నల్ని ఒకటిగా చదువుతున్నారు.

జవాబు 2: చివరిగా అంకె టైపు చేసే ప్రశ్నల గురించి. మధ్య మెట్లలో రౌండ్ చేయకండి. 4.472ని 4.5గా మార్చి 2.776తో గుణిస్తే 12.49, మార్చకుండా గుణిస్తే 12.41. రెండు దశాంశాలు అడిగిన చోట ఆ తేడాకే మార్కు పోతుంది. అన్నీ అలాగే ఉంచి, ఆఖరి మెట్టులో ఒక్కసారే రౌండ్ చేయండి.